వారమంతా జనంతో గడిపి, చివర్లో ఒంటరిగా హోటల్ భోజనం: ఇది విశ్రాంతి కాదంటారా?

కిటికీపక్కసీటు
ఈ వారమంతా ఊపిరి సలపలేదు. ఇంటి నిండా చుట్టాలు, ఆఫీసులో ఒకరికి వీడ్కోలు విందు, మధ్యలో ఒక పెళ్ళి, ఆ పెళ్ళికొచ్చిన పాత స్నేహితులతో అర్ధరాత్రి దాకా కబుర్లు. అందరూ నాకు కావలసినవాళ్ళే, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కానీ చివరి చుట్టాన్ని కారెక్కించి వెనక్కి తిరిగేసరికి నోట్లోంచి మాట రావడమే కష్టమైపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కదాన్నే దగ్గర్లో ఉన్న చిన్న రెస్టారెంటుకి వెళ్ళాను. మధ్యాహ్నం పూట మాత్రమే ఇచ్చే భోజనం ఒకటుంది, రాత్రి రేటుతో పోలిస్తే బాగా తక్కువ. మూల బల్ల దొరికింది. వడ్డించే అబ్బాయి గ్లాసు నిండా నీళ్ళు పోసి, మెనూ కార్డు నా వైపు తిప్పి పెట్టి, పక్క బల్లకి వెళ్ళిపోయాడు. ఎవరికి ఏం పడదో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరి మాటకీ నవ్వనక్కర్లేదు, నేను లేచి ఎవరికీ మారు వడ్డించనక్కర్లేదు. పళ్ళెం వచ్చాక ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తీసి పక్కన పెట్టేసి, తుడవకుండా అలాగే తిన్నాను. ఎంత హాయిగా ఉందో!

ఇంటికొచ్చి చెబితే రెండు మాటలు పడ్డాయి. జనంతో అలిసిపోయి మళ్ళీ జనంలోకే వెళ్ళి కూర్చోవడం ఏం విశ్రాంతి, ఇంట్లో పడుకోవచ్చుగా అని ఒకటి. అంత చవగ్గా ఇస్తున్నారంటే ఏదో తేడా ఉంటుంది, రాత్రి మిగిలినవి పెట్టి ఉంటారు అని రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబు ఉంది గానీ సరిగ్గా చెప్పలేకపోతున్నాను. రెండోదానికి అసలు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

అలారంశత్రువు
మీ ఇంట్లోవాళ్ళ మాటే నిజం అనిపిస్తోంది. అలసటకి మందు నిద్ర. తలుపేసుకుని పడుకోవాలి. బట్టలు మార్చుకుని, బయటికెళ్ళి, బల్ల కోసం నిలబడి, బిల్లు కట్టి రావడం ఇంకో పనే కదా.

గోరింటాకు
ఇంట్లో పడుకుంటే సింకులో గిన్నెలు కనిపిస్తూనే ఉంటాయి అలారం గారూ. మీ ఇంట్లో కనిపించవేమో.

అలారంశత్రువు
కనిపిస్తాయి. కళ్ళు మూసుకుంటాను.

ముగ్గురుపిల్లలఅమ్మ
కళ్ళు మూసుకున్నా గిన్నెలు అక్కడే ఉంటాయి తమ్ముడూ. లేచాక ఎవరో ఒకరు కడగాలి.

కిటికీ గారూ, మీరు చెప్పలేకపోతున్న జవాబు నాకు అర్థమైంది. మనల్ని అలిసిపోయేలా చేసేది జనం కాదు, బాధ్యత. జనం మధ్య ఉండటం వేరు, జనాన్ని చూసుకోవడం వేరు. ఇంటికి పదిమంది వస్తే మనం పదిమందితో కూర్చోం, పదిమంది చుట్టూ తిరుగుతాం. ఎవరి గ్లాసు ఖాళీ అయింది, ఎవరు ముభావంగా ఉన్నారు, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదు, అన్నీ మన బుర్రలోనే. హోటల్లో నలభైమంది ఉన్నా వాళ్ళలో ఒక్కరి ఆకలి కూడా నా పూచీ కాదు. అందుకే ఒళ్ళు తేలికపడుతుంది.

కిటికీపక్కసీటు
అక్కా, ఇదే. జనాన్ని చూసుకోవడం వేరు. ఈ ముక్కే నాకు దొరకలేదు.

మేఘమాల
నేను మాత్రం ఒంటరిగా హోటల్లో తినలేను. అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. పాపం ఎవరూ లేరేమో అనుకుంటారని టెన్షన్. ఫోన్ చూస్తూ గబగబా తినేసి వచ్చేస్తా. అందులో విశ్రాంతి ఎక్కడ?

పుస్తకాలపురుగు
మేఘమాల గారూ, మీరు అనుకున్నంతగా ఎవరూ చూడరు. దీని మీద పరిశోధనలే ఉన్నాయి. 2000లో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అమెరికాలో విద్యార్థుల చేత, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి, మిగతావాళ్ళు కూర్చున్న గదిలోకి పంపింది. ఎంతమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. నిజంగా గమనించింది అందులో సగమే, అంటే నలుగురిలో ఒకరు. అది సిగ్గుపడే టీషర్టు. మీరు మామూలు బట్టల్లో, మామూలుగా భోంచేస్తున్నారు. ఎవరు చూస్తారు?

2015లో రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ అని ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. సరదా కోసం చేసే పనుల్ని ఒంటరిగా చేస్తే అంత బాగుండదని మనం ముందే తీర్మానించుకుంటాం. తీరా వెళ్తే, తోడుగా వెళ్ళినవాళ్ళకీ ఒంటరిగా వెళ్ళినవాళ్ళకీ దక్కిన ఆనందంలో పెద్ద తేడా లేదు. వాళ్ళు చూసింది ఆర్ట్ గ్యాలరీ విషయంలో. భోజనానికీ అదే వర్తిస్తుందని నా నమ్మకం.

మేఘమాల
గ్యాలరీలో గోడకేసి చూస్తూ నిలబడొచ్చు. హోటల్లో ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంటుంది కదా, దాన్ని చూస్తూ తినాలి.

సైలెంట్‌మోడ్
ఆ కుర్చీ మీద బ్యాగు పెట్టండి. సమస్య తీరిపోతుంది.

గోరింటాకు
బ్యాగు కూడా మాట్లాడదు, ఇంకా మంచిది.

వంటగదివెనక
రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను చెబుతాను. చాలాకాలం రెస్టారెంటు వంటగదుల్లో పనిచేశాను, తర్వాత కొన్నాళ్ళు లెక్కలు కూడా చూశాను.

మధ్యాహ్నం చవగ్గా ఇవ్వడానికి పాత సరుకు కారణం కాదు. అద్దె నెలకి ఇంత అని కడతారు. ఆ అద్దెలో మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత అని ఉండదు. ఫ్రిజ్‌లు రోజంతా నడుస్తూనే ఉంటాయి. రాత్రి వంటకి తరగడం, నానబెట్టడం, ఉడికించి పెట్టుకోవడం ఎలాగూ పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి మనుషులు ఎలాగూ ఉంటారు. బల్లలు ఖాళీగా ఉంచితే వచ్చేది సున్నా. తక్కువ రేటుకి నింపితే, సరుకు ఖర్చు పోగా మిగిలిందంతా ఆ అద్దెకీ జీతాలకీ ఆసరా. ఈ వ్యాపారంలో మామూలుగా చెప్పుకునే లెక్క ఏమిటంటే, ప్లేటు ధరలో సరుకు ఖర్చు 30 శాతం దగ్గర ఉండాలి. మధ్యాహ్నం భోజనంలో ఆ శాతం కొంచెం పెరిగినా యజమాని ఊరుకుంటాడు, ఎందుకంటే మిగతా ఖర్చు ఎలాగూ పెట్టేశాడు.

ఇంకోటి, రాత్రి మెనూలో యాభై రకాలు ఉంటే ఏది ఎవరు అడుగుతారో తెలియదు. యాభైకీ సరుకు తెచ్చి ఉంచాలి, కొంత పాడవుతుంది. మధ్యాహ్నం రెండు మూడు రకాలే. ఎన్ని పళ్ళేలు పోతాయో అనుభవం మీద దాదాపు తెలిసిపోతుంది. ఒకే వంటకం పెద్ద గిన్నెలో ఒకేసారి అవుతుంది. గ్యాసు కలిసొస్తుంది, మనిషి చెయ్యి కలిసొస్తుంది, వృథా తగ్గుతుంది. పైగా మధ్యాహ్నం వచ్చినవాళ్ళు త్వరగా తిని వెళ్తారు, అదే బల్ల మీద ఇంకొకరు కూర్చుంటారు. రాత్రి ఒక బల్ల మీద ఒకే బృందం రెండు గంటలు కూర్చుంటుంది.

కొలత కూడా కాస్త తక్కువే ఉంటుంది లెండి. అది మోసం కాదు, మధ్యాహ్నం చాలామందికి అంతే కావాలి.

లెక్కలమాస్టారు
చక్కగా చెప్పారు. ఒక్క మాట కలుపుతాను. ఈ లెక్కంతా రాత్రి వ్యాపారం బాగా నడిచే చోటే పనిచేస్తుంది. అద్దె భారం రాత్రి మీద పడుతోంది కాబట్టి మధ్యాహ్నం తేలిక. మధ్యాహ్నం మాత్రమే నడిచే హోటల్ అయితే అద్దె మొత్తం ఆ పళ్ళేల మీదే పడుతుంది. అలాంటి చోటు ఇంకా చవగ్గా ఇస్తోందంటే, చాలా ఎక్కువ పళ్ళేలు అమ్మాలి, లేదా ఎక్కడో కోత పెట్టాలి. కాబట్టి కిటికీ గారి ఇంట్లోవాళ్ళ అనుమానం పూర్తిగా కొట్టిపారేయలేం.

వంటగదివెనక
నిజమే మాస్టారూ. అందుకే చవక హోటల్లో నేను రేటు చూడను, రద్దీ చూస్తాను. పళ్ళేలు ఆగకుండా వెళ్తున్న చోట సరుకు నిలవుండదు. మెనూ చిన్నదిగా ఉందా, వంటకాలు రోజు రోజుకీ మారుతున్నాయా, వేడివి నిజంగా వేడిగా వస్తున్నాయా, ఈ మూడూ చాలు. వండినది గోరువెచ్చగా గంటలు గంటలు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే ఆహార భద్రత నిబంధనల్లో వేడివి 60 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంచాలని, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉంచాలని చెబుతారు. నాలుక చెప్పేస్తుంది, థర్మామీటరు అక్కర్లేదు.

అలారంశత్రువు
అయితే రాత్రి మిగిలినవి మధ్యాహ్నం పెట్టరంటారా? నిజంగా చెప్పండి.

వంటగదివెనక
పెట్టేవాళ్ళు లేరని ఎలా అంటాను? ఉంటారు. కానీ పద్ధతిగా నడిపే వంటగదిలో రాత్రి తరిగి మిగిలిన కూరగాయల ముక్కలు సరిగ్గా చల్లబరిచి ఉంచి, మర్నాడు కొత్తగా వండటం తప్పు కాదు. మన ఇళ్ళల్లో చేసేది అదే. వండిన వంట మళ్ళీ మళ్ళీ వేడి చేసి పెట్టడం మాత్రం తప్పు, ఆ పని చవక హోటలే చేస్తుందని కూడా లేదు. ఖరీదైన చోటా చూశాను.

ట్రేతోనడక
వడ్డించేవాళ్ళ తరఫున ఒక మాట. ఒంటరిగా వచ్చినవాళ్ళని మేం జాలిగా చూస్తామని మేఘమాల గారు అనుకుంటున్నారు. మాకు అంత తీరికెక్కడిది? నిజానికి ఒంటరిగా వచ్చినవాళ్ళంటే మాకు తేలిక. ఏం కావాలో ముందే తెలుసుకుని వస్తారు, ఒకేసారి చెబుతారు, మధ్యలో మనసు మార్చుకోరు. కష్టమల్లా పన్నెండుమంది వచ్చి పన్నెండుసార్లు విడివిడిగా నీళ్ళు అడిగినప్పుడే.

ఒక్కటి అడుగుతాను. బాగా రద్దీగా ఉన్నప్పుడు నలుగురు పట్టే బల్ల దగ్గర ఒక్కరే కూర్చుని, తిన్నాక కూడా గంటసేపు ఉంటే, బయట పిల్లలతో నిలబడినవాళ్ళు మమ్మల్ని అడుగుతారు. మేం మీకు చెప్పలేం, వాళ్ళకీ చెప్పలేం. చిన్న బల్ల అడిగి కూర్చోండి, అంతే.

లెక్కలమాస్టారు
లేదంటే రద్దీ కంటే ముందే వెళ్ళాలి. వంటగది తెరవగానే వెళ్తే అన్నీ అప్పుడే దిగి ఉంటాయి, బల్లలు ఖాళీ.

సైలెంట్‌మోడ్
నేను రద్దీ తగ్గాక వెళ్తాను. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

ట్రేతోనడక
మరీ చివర్లో రాకండి అన్నా. వంటగది మూసే వేళకి మేం కూడా తినాలి. పొద్దుట్నుంచి నిలబడి ఉంటాం.

సైలెంట్‌మోడ్
ఇది నాకు తట్టలేదు. ఇకమీదట ముందే వెళ్తాను.

చెవిలోసంగీతం
ఇంతసేపూ ఎవరూ శబ్దం ఊసెత్తలేదు. కిటికీ గారికి అంత హాయిగా ఉండటానికి సగం కారణం మూల బల్ల. నా పని సౌండ్ రికార్డింగ్, కాబట్టి కాస్త విడమర్చి చెబుతాను.

మామూలుగా ఇద్దరు మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. కిటకిటలాడే రెస్టారెంటులో 80 దాటడం మామూలే. డెసిబెల్ లెక్కలో ప్రతి 10కీ శబ్దశక్తి పది రెట్లవుతుంది, మన చెవికి దాదాపు రెట్టింపు గోలగా అనిపిస్తుంది. అంటే 60 నుంచి 80కి వెళ్తే శక్తి వంద రెట్లు, చెవికి నాలుగింతల గోల. చుట్టూ గోల పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు దీన్ని వివరించాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్ల ఇంకా పెంచుతుంది. అలా గది మొత్తం అరుస్తుంది, ఎవరూ అరుస్తున్నామని అనుకోరు.

పెళ్ళిలో, విందులో మీకు జరిగింది ఇదే. ఆ గోలలో ఒక్క మనిషి మాటని ఏరుకుని వినాలి. మెదడుకి అది ఎంత పనో! 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త హెడ్‌ఫోన్లతో ఇదే పరీక్షించాడు. ఒక చెవిలో వచ్చే మాటల్ని శ్రద్ధగా వింటున్నప్పుడు రెండో చెవిలో ఏం చెప్పారో జనానికి దాదాపు ఏమీ గుర్తులేదు. అంత శ్రద్ధ పెట్టి గంటల తరబడి వింటే అలసిపోరా? ఒంటరిగా భోంచేసేటప్పుడు ఎవరి మాటా ఏరుకోనక్కర్లేదు. అదే గోల, వానచప్పుడులా పక్కన పడి ఉంటుంది.

రాత్రిడ్యూటీ
చెవిలోసంగీతం గారూ, మా నాన్నగారికి వినికిడి తగ్గింది, మిషన్ పెట్టుకుంటారు. ఏ వేడుకకి తీసుకెళ్ళినా ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగరు. ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడేవాళ్ళం. వినడానికి పడే కష్టమే ఆయన్ని అంత అలసటకి గురిచేస్తోందని డాక్టరు చెప్పాక తెలిసింది. ఆయన్ని భోజనానికి బయటికి తీసుకెళ్ళాలంటే ఎలాంటి చోటు చూడాలి?

చెవిలోసంగీతం
కింద ఉత్త టైల్స్, గోడలకి అద్దాలు, ఎత్తైన ఖాళీ కప్పు ఉన్న చోట శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది, వద్దు. తెరలు, మెత్తని సీట్లు, బల్లల మీద గుడ్డ ఉన్న చోటు మంచిది, అవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. స్పీకరు కింద, వంటగది తలుపు దగ్గర, బిల్లు కౌంటరు పక్కన వద్దు. నాన్నగారి వీపు గోడకి ఉండేలా కూర్చోబెట్టండి, మీరు ఎదురుగా వెలుతురులో కూర్చోండి. మీ పెదాలు కనిపిస్తే ఆయనకి సగం కష్టం తగ్గుతుంది. రాత్రి కంటే మధ్యాహ్నం, అందులోనూ రద్దీకి ముందు. ఆయన మిషన్‌లో గోల తగ్గించే సెట్టింగు ఉందేమో ఒకసారి అడగండి.

రాత్రిడ్యూటీ
చాలా థాంక్స్ అండీ. వీపు గోడకి అనేది ఎప్పుడూ తట్టలేదు.

గోరింటాకు
అయితే కిటికీ గారు ఇంట్రోవర్ట్ అన్నమాట. అంతే కదా, దీనికింత చర్చ ఎందుకు?

కిటికీపక్కసీటు
కాదనే అనుకుంటున్నా. పెళ్ళిలో అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే అని మా చెల్లెలు అంటుంది.

పుస్తకాలపురుగు
మనుషుల్ని అలా ఇంట్రోవర్ట్ (తనలో తాను ఉండే మనిషి), ఎక్స్‌ట్రోవర్ట్ (కలుపుగోలు మనిషి) అని రెండు రకాలుగా చూడటాన్ని ప్రచారంలోకి తెచ్చింది కార్ల్ యూంగ్ అనే స్విస్ మానసిక వైద్యుడు, 1921లో. ఆయన కూడా పూర్తిగా ఒకవైపే ఉండేవాళ్ళు ఉండరనే అన్నాడు. ఎంత కలుపుగోలు మనిషైనా వారమంతా విందులైతే అలసిపోతాడు. దానికి పేరు పెట్టక్కర్లేదు.

అలారంశత్రువు
ఒక్క నిమిషం. మీరందరూ ఒంటరితనానికి ఓటేస్తున్నారు గానీ, షికాగోలో రైలు ప్రయాణికుల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉంది, 2014లో అచ్చయింది. పక్కనున్న అపరిచితుడితో మాట్లాడమన్నవాళ్ళు, మౌనంగా కూర్చోమన్నవాళ్ళ కంటే ప్రయాణం బాగుందని చెప్పారు. మాట్లాడితే బాగోదని జనం ముందు అనుకున్నారు, అది తప్పయింది. మరి దీనికేమంటారు?

పుస్తకాలపురుగు
మంచి ఉదాహరణ. కానీ వాళ్ళు మామూలు రోజున ఆఫీసుకెళ్ళే జనం. వారం రోజులు చుట్టాల్ని సాగనంపి వచ్చినవాళ్ళు కాదు. ఆకలి మీదున్నవాడికీ కడుపు నిండినవాడికీ ఒకే వడ్డన సరిపోదు కదా.

అలారంశత్రువు
సరే, ఇది ఒప్పుకుంటాను. నిద్ర మాత్రం వదలను.

మేఘమాల
అసలు పూర్తి ఒంటరితనం కాకుండా, మాట్లాడనక్కర్లేని తోడు ఉంటే? నేనూ మా ఆయనా అప్పుడప్పుడూ అలా వెళ్తాం. ఎదురెదురుగా కూర్చుని, ‘ఇది రుచి చూడు’ అని తప్ప ఏమీ మాట్లాడుకోం. పక్క బల్లవాళ్ళు గొడవపడ్డామనుకుంటారేమో! నాకు మాత్రం అది వారంలో అన్నిటికంటే ఇష్టమైన పూట.

ముగ్గురుపిల్లలఅమ్మ
ఎంత అదృష్టం మేఘమాలా. మా ఆయన మౌనంగా ఉంటే ఒంట్లో బాగుందా అని నేనే అడిగేస్తాను.

పుస్తకాలపురుగు
ఒక చరిత్ర ముక్క, ఈ చర్చకి సరిపోతుందని చెబుతున్నాను. పూర్వం యూరప్ సత్రాల్లో ఒకే పొడవాటి బల్ల, అందరికీ ఒకే వేళ, పెట్టింది తినాలి, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళతో సర్దుకోవాలి. 18వ శతాబ్దం రెండో సగంలో పారిస్‌లో వచ్చిన రెస్టారెంట్లు దీన్ని మార్చాయి. విడి బల్లలు, ధరలు రాసిన కార్డు, నచ్చిన వేళకి వచ్చి నచ్చింది తినే వీలు. అంటే జనం మధ్యే ఉంటూ ఎవరికి వాళ్ళుగా తినడం. కిటికీ గారు వెతుక్కుంటూ వెళ్ళింది సరిగ్గా దీనికోసమే. చైనాలో అయితే ఇంకా ముందే, 12వ శతాబ్దానికే కైఫెంగ్, హాంగ్‌జౌ నగరాల్లో కోరింది వండి పెట్టే పెద్ద పెద్ద భోజనశాలలు ఉండేవి.

లెక్కలమాస్టారు
చవక విషయానికొస్తే ఒక హెచ్చరిక. భోజనం చవకే, బిల్లు చవక కాకపోవచ్చు. పానీయం, చివర్లో తీపి, పక్కన ఇంకో చిన్న ప్లేటు, అసలు లాభం వీటి దగ్గరే. 1982లో కసవానా, స్మిత్ అని ఇద్దరు అమెరికన్లు మెనూలో ప్రతి వంటకాన్నీ రెండు లెక్కల్లో చూడాలన్నారు: ఎంత అమ్ముడవుతోంది, ఎంత మిగులుతోంది. బాగా అమ్ముడై తక్కువ మిగిల్చేవి మనల్ని లోపలికి రప్పిస్తాయి, ఎక్కువ మిగిల్చేవి మన చేత తర్వాత కొనిపిస్తాయి. చవక భోజనం కోసం వెళ్తే అదే చెప్పండి, నీళ్ళు తాగండి, లేచిరండి.

గోరింటాకు
మాస్టారూ, అలసిపోయి వెళ్ళినవాళ్ళని తీపి కూడా తిననివ్వరా?

లెక్కలమాస్టారు
తినండమ్మా. ముందే అనుకుని తినండి. తిన్నాక కాసేపు ఆగి అడగండి, చాలు. కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే హాయిగా తెప్పించుకోండి.

వంటగదివెనక
మాస్టారి లెక్క సరైనదే గానీ, అందరూ నీళ్ళు తాగి లేచొస్తే మధ్యాహ్నం భోజనం ఎత్తేస్తారు. నచ్చిన చోటుకి మళ్ళీ వెళ్ళండి, ఇంకొకరికి చెప్పండి. చిన్న హోటల్‌కి అంతకంటే ఏం కావాలి?

అలారంశత్రువు
ఇంకో మాట. మీరందరూ ఇంత చెప్పాక నిన్న నేనూ వెళ్ళి తిన్నాను. భోజనం బాగుంది. వచ్చాక ముంచుకొచ్చిన నిద్ర ఇంకా బాగుంది. రక్తమంతా పొట్టకి పోయి మెదడు మందగిస్తుందంటారు కదా, అదేనా?

రాత్రిడ్యూటీ
ఆ మాట అందరూ అంటారు గానీ అలా కాదండీ. తిన్నాక పొట్టకి రక్తం ఎక్కువ వెళ్ళేది నిజమే, మెదడుకి అందాల్సింది మాత్రం శరీరం తగ్గనివ్వదు. మధ్యాహ్నం వేళ మెలకువ తగ్గడం మన ఒంటి గడియారంలోనే ఉంది, అన్నం తినకపోయినా ఆ మగత వస్తుంది. భారీగా తింటే ఇంకాస్త పెరుగుతుంది. డ్యూటీలో ఉన్నప్పుడు నేను గమనించేది కూడా అదే. ఇరవై నిమిషాలు పడుకుని లేస్తే చాలు. గంటన్నర పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది.

అలారంశత్రువు
ఇరవై నిమిషాలా? నా పేరు చూశారా?

ముగ్గురుపిల్లలఅమ్మ
నాదొక సందేహం మిగిలింది. వెళ్ళాలని ఉంది. కానీ పిల్లల్ని వదిలి నేనొక్కదాన్నే కూర్చుని తింటుంటే గొంతు దిగదేమో. పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో తింటే కాదా? వంట పని ఎలాగూ తప్పుతుంది.

గోరింటాకు
పార్సిల్ విప్పగానే ముగ్గురూ చుట్టూ చేరతారు అక్కా. మీకు మిగిలేది డబ్బాలు కడిగే పని.

కిటికీపక్కసీటు
పార్సిల్ వద్దక్కా. వంట తప్పడం ఒక్కటే అయితే ఇంట్లో రొట్టె ముక్క తిన్నా తప్పుతుంది. మీ ముందు ఎవరో పళ్ళెం పెట్టాలి, తిన్నాక ఎవరో తీసెయ్యాలి. వారమంతా మీరు అందరికీ చేసింది ఒక్క గంట మీకు ఎవరైనా చెయ్యాలి. పార్సిల్‌లో అది రాదు. పిల్లలు స్కూల్లో ఉన్న పూట వెళ్ళండి, అప్పుడు వాళ్ళూ భోంచేస్తూనే ఉంటారు.

ట్రేతోనడక
అక్కా, వారం మధ్యలో రండి. శని ఆదివారాలు చాలా చోట్ల మధ్యాహ్నం ప్రత్యేక భోజనం ఉండదు, మామూలు రేటే. ముందు ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి. చిన్న బల్ల కావాలని అప్పుడే చెబితే పక్కన పెడతారు.

చెవిలోసంగీతం
గోడ పక్కన అని కూడా చెప్పండి.

ముగ్గురుపిల్లలఅమ్మ
ఫోన్ చేశాను. గురువారం ఉందట, వంటగది తెరిచే వేళకి గోడ పక్క బల్ల రాసుకున్నారు. బజారు పని ఉందని చెబుదామనుకున్నా గానీ, ఎందుకు? భోజనానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేశాను.